పాత చందమామల బైండుకు ధర ఎందుకు తగ్గుతుంది?
ఇంట్లో దొరికిన చందమామల బైండు పుస్తకానికి, విడి సంచికలకన్నా సేకరించేవారు ఎందుకు తక్కువ ధర చెబుతారన్నది ప్రశ్న. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి మొదలుపెట్టిన ఆ మాసపత్రికను చాలా కుటుంబాలు ఏడాదికొక సంపుటంగా కుట్టించుకునేవి. ఆ పనిలో బైండరు అంచులను సమంగా కోసేవాడు, అట్టలను తరచుగా తీసేసేవాడు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల కోసమే వెతికేవారికి అట్ట లేని సంచిక సగం పోయినట్టే. ధారావాహికల పేజీలు మాత్రమే చింపి కుట్టించిన సంపుటాలూ కనిపిస్తాయి. చదువుకోవడానికి నాకు అవే ఇష్టం గానీ, వాటికోసం ఎన్ని సంచికలు పాడయ్యాయో!

అట్ట పోయినా, లోపలి ప్రకటనల్లో ధరలు అణాల్లో ఉంటే ఆ సంచిక దాదాపుగా 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందుదని పోల్చుకోవచ్చు. విడి సంచికైతే నడిమి పేజీ తెరిచి పిన్నులు చూడండి: తుప్పు కాగితంలోకి దిగి గోధుమరంగు మరక కట్టి ఉంటే, మడత దగ్గర కాగితం తాకగానే పొడిగా రాలుతుంది. చిరుగులకు సెల్లోటేపు అంటించవద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపు మరకగా మిగిలిపోతుంది. ధర కోసమని బైండును విప్పించడం కూడా మంచిది కాదు. కోసేసిన అంచులు తిరిగి రావు, పైగా కుట్టు రంధ్రాల వెంబడి పాత కాగితం చిరుగుతుంది.