ఎలెన్ ఆంద్రే వేషం కడుతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మలూ,

ఆశీస్సులు. ఏకపాత్రకు, చిత్రకారుల బొమ్మలకు మోడల్‌గా కూర్చున్న ఫ్రెంచి నటి ఎలెన్ ఆంద్రేను ఎంచుకున్నావని తెలిసి చాలా సంతోషించాను. అయితే నువ్వు పంపిన రిహార్సల్ వీడియో చూశాక కాస్త టెన్షన్ పట్టుకుంది. మొదటి నిమిషం నుంచే తూలుతున్నావు, మాట ముద్దముద్దగా వస్తోంది. ఆ తాగుబోతు మనిషి ఎలెన్ కాదమ్మా, ఎలెన్ వేసిన వేషం.

ఫ్రెంచి చిత్రకారుడు దెగా 1875-76లో ఎలెన్‌ను అబ్సింత్ అనే ఘాటైన మద్యం గ్లాసు ముందు కూర్చోబెట్టి ఆ బొమ్మ గీశాడు. చూడ్డానికి పారిస్ కఫేలా ఉన్నా, గీసింది తన స్టూడియోలో. పక్కనున్న గడ్డపాయన దెబుతాఁ, ఆయనా చిత్రకారుడే. ఇద్దరూ దెగాకు తెలిసినవాళ్లు, అడిగితే వచ్చి కూర్చున్నారు. 1893లో లండన్‌లో ఆ బొమ్మ పెడితే, అందులోని ఆడమనిషిని విమర్శకులు నోటికొచ్చినట్టు తిట్టారు. అంత బాగా నటించినందుకు ఆమెకు దక్కింది అది! తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. నువ్వు కూడా ఆమెను తాగుబోతుగానే చూపిస్తే వాళ్ల మాటే నిలబెట్టినట్టవుతుంది.

బొమ్మను పెద్దది చేసి చూడు. భుజాలు జారిపోయాయి. పాదాలు ఎడంగా పడున్నాయి. చూపు దేనిమీదా ఆనడం లేదు. ఎదురుగా గ్లాసుంది కానీ చేతులు బల్ల కిందికి వదిలేసింది. పారిస్‌లోని ఫోలీ బెర్జేర్ అనే వినోదశాలలో ఆడిన నటి, మూకాభినయం తెలిసిన మనిషి, ఒంటితోనే అంతా చెప్పింది. కాబట్టి నువ్వూ గ్లాసు ముట్టుకోకు. దెగా ఆ బల్లలకు కాళ్లు కూడా గీయలేదు, చూశావా? నీకూ పెద్ద సెట్ అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక గ్లాసు చాలు.

తర్వాత రెన్వార్ అనే మరో ఫ్రెంచి చిత్రకారుడు 1880-81లో గీసిన పడవ షికారు విందు బొమ్మ చూడు. సెన్ నది ఒడ్డున, షతూలో, ఫుర్నేజ్ వాళ్ల హోటల్ బాల్కనీ. చుట్టూ జనం, కబుర్లు. వాళ్ల మధ్య గ్లాసు పెదాలకు ఆనించి హాయిగా తాగుతున్నది ఎలెనే. నీ ప్రదర్శనకు ప్రాణం ఇక్కడుంది. లైటు ఆర్పకుండా, మేకప్ మార్చకుండా, ప్రేక్షకుల కళ్లెదుటే దెగా బొమ్మలోంచి లేచి రెన్వార్ బొమ్మలోకి వెళ్లు. ముందు వెన్ను నిలబెట్టు, తర్వాత గడ్డం ఎత్తు, కళ్లు అన్నిటికన్నా చివర. తొందరపడకు.

వచ్చే వీడియోలో డైలాగులన్నీ తీసేసి ఈ మార్పు ఒక్కటే చేసి పంపు. కరపత్రం మీద ‘చిత్రకారుల మోడల్’ అని వేయించావట, దానికంటే ముందు ‘నటి’ అని వేయించు.

మీ పెద్దమ్మ