ఫోర్ ట్వంటీ కేసు పెట్టే ముందు ఓ గంట ఆగు

చిన్నా,

రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ పొద్దున్నే విన్నాను. "వాడి మీద ఫోర్ ట్వంటీ పెట్టించాల్సిందే పెదనాన్నా" అని మూడుసార్లు అన్నావు. నీ కోపం న్యాయమైనదే, ఇంటి చెక్కపని మొత్తం చేస్తానని మూడు లక్షలు అడ్వాన్సు తీసుకుని, రెండు తలుపులు బిగించి, తర్వాత ఫోన్ ఎత్తకపోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. కానీ ముప్పై ఏళ్లు నల్లకోటు వేసుకుని కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ణి కదా, స్టేషన్‌కి వెళ్లేలోపు నా మాట కూడా విను.

ఆ ఫోర్ ట్వంటీ, అంటే పాత శిక్షా స్మృతిలోని మోసం సెక్షన్, ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి జరిగిన వాటికి భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, మోసం అందులో 318వ సెక్షన్. మోసగించి డబ్బో వస్తువో ఇప్పించుకుంటే ఏడేళ్ల దాకా జైలు, జరిమానా కూడా. నంబరు మారింది గానీ లోపలి సరుకు పాతదే.

నువ్వు తేల్చుకోవాల్సింది ఒక్కటే. డబ్బు నీ చేతిలోంచి అతని చేతిలోకి వెళ్లిన రోజున అతని మనసులో ఏముంది? 1860 నాటి శిక్షా స్మృతిలోనే దీనికి ఉదాహరణ రాసిపెట్టారు. ఒకడు నీలిమందు మొక్క ఇస్తానని అడ్వాన్సు తీసుకున్నాడు. ఇచ్చే ఉద్దేశం మొదటినుంచీ లేకపోతే అది మోసం. తీసుకున్నప్పుడు ఇద్దామనే ఉండి తర్వాత మాట తప్పితే మోసం కాదు, సివిల్ దావా మాత్రమే. సుప్రీంకోర్టు కూడా 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో ఇదే చెప్పింది, తర్వాత మాట తప్పాడు కాబట్టి ముందే దురుద్దేశం ఉందని ఊహించుకోకూడదని.

ఇప్పుడు నీ మేస్త్రి సంగతి చూద్దాం. రెండు తలుపులు చేశాడు, అంటే పని మొదలుపెట్టాడు. కోర్టులో అది అతనికే పనికొస్తుంది. అయితే నువ్వు మెసేజ్‌లో ఓ మాట అలా అనేసి వదిలేశావు, టేకు దుంగలు ముందే కొనేశానని డిపోలో చూపించాడన్నావు. అసలు దారం అక్కడుంది! ఆ డిపోకి వెళ్లి అడుగు. ఆ దుంగలు అతను కొననేలేదని తేలినా, అవే దుంగలు చూపించి ఇంకో నలుగురి దగ్గర డబ్బు లాగాడని తెలిసినా, అప్పుడు ఫిర్యాదుకి ప్రాణం వస్తుంది, ఎందుకంటే నువ్వు డబ్బిచ్చింది ఆ అబద్ధాన్ని నమ్మి. అదేమీ లేకపోతే మాత్రం, చేతిలో ఉన్న నాలుగు పనుల్లో దేనికీ డబ్బు చాలక ముఖం చాటేసిన మామూలు మేస్త్రి అతను. అతని మీద కేసు పెట్టినా హైకోర్టుకి వెళ్లి కొట్టేయించుకోగలడు.

నేనూ ఇలాంటి తప్పు చేసినవాణ్ణే. ప్రాక్టీసు కొత్తలో ఓ పార్టీ తొందరపెట్టాడని అప్పు బాకీకి మోసం కేసు వేయించాను, పోలీసులు పిలిస్తే భయపడి కట్టేస్తాడని ఇద్దరి ఆశ. అవతలివాడు కట్టలేదు. కేసు నాలుగేళ్లు నడిచి కొట్టేశారు, ఈలోగా సివిల్ దావా వేయాల్సిన మూడేళ్లు దాటిపోయి బాకీకి కాలదోషం పట్టింది. క్రిమినల్ కేసు నడుస్తోంది కదా అని ఆ మూడేళ్ల లెక్క ఆగదు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ.

కాగితం రాసుకోలేదని టెన్షన్ పడుతున్నావు. అక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదో సెక్షన్ అడిగేవి వేరే. ఇద్దరూ మైనార్టీ తీరి, మతి స్థిమితంగా ఉండాలి, ఇష్టపడి ఒప్పుకోవాలి, ఇద్దరి మధ్య ప్రతిఫలం, అంటే ఇచ్చిపుచ్చుకోవడం, ఉండాలి, పని చట్టవిరుద్ధం కాకూడదు. మామూలుగా నోటి మాట కూడా ఒప్పందమే, చిక్కల్లా రుజువు దగ్గరే. నీకు కొటేషన్ ఉంది, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఉంది, "వచ్చే వారం కిటికీలు మొదలెడతా సార్" అన్న వాట్సాప్ ఉంది. అవేవీ డిలీట్ చేయకు, ఫోన్ కూడా మార్చకు. ఇంకో మాట, రాత్రిపూట కోపంలో అతనికి బెదిరింపు మెసేజ్‌లు పెట్టకు, రేపు వాటికి ప్రింటు తీసి జడ్జి ముందు పెట్టేది అతని లాయరే.

ముందు లాయరు చేత స్పీడ్ పోస్టులో నోటీసు పంపించు. ఇంత ఇచ్చాను, ఇంత పనే అయింది, ఫలానా తేదీలోగా పూర్తి చెయ్యి, లేదా మిగతా డబ్బు తిరిగివ్వు. తిట్లు వద్దు. గడువు దాటితే తలుపుల ఫోటోలు తీసి, ఇంకో మేస్త్రితో సరైన రేటుకే మిగతా పని చేయించుకుని బిల్లులు దాచు. పైన పడిన ఖర్చు అదే కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారంగా అడగొచ్చు. అలాగని అతని మీద కోపంతో ఇటాలియన్ డిజైన్లు చేయించి ఆ బిల్లు అతని నెత్తిన వేస్తానంటే కుదరదు, నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత నీకూ ఉంది.

నోటీసుకి దిగొచ్చి చెక్కు ఇస్తే తీసుకో. అది బౌన్స్ అయితే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, ఆ నోటీసు అందిన తర్వాత కట్టడానికి అతనికి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే నెలలోగా కోర్టులో ఫిర్యాదు. ఇందులో ఒక్క రోజు తప్పినా తలనొప్పే, కాబట్టి క్యాలెండర్ మీద రాసుకో.

డిపోలో ఏం చెప్పారో తెలుసుకుని సాయంత్రం ఫోన్ చెయ్యి. డబ్బు ట్రాన్స్‌ఫర్ చేసిన తేదీ కూడా చూసి పెట్టుకో, నేను మొదట అడిగేది అదే.

పెదనాన్న