పిల్లలకు సూర్యుడి మచ్చలు చూపించబోయే మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, కావలి నుంచి మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల తరువాత కందుకూరు బడిలో పిల్లలకు సూర్యుడి మచ్చలు చూపించాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి ఆకాశం తేటపడే ఆ రోజులే మన ప్రాంతంలో ఇందుకు అనువైనవి. ఎండ ముదిరితే నేల వేడికి గాలి కదిలి బొమ్మ వణుకుతుంది కాబట్టి ఉదయం ప్రార్థన కాగానే మొదలుపెట్టు.

టెలిస్కోపులో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూసే అవకాశం ఏ పిల్లవాడికీ ఒక్క క్షణమైనా దొరకకూడదు. కంటి లోపలి పొర అయిన రెటీనా కాలుతున్నా నొప్పి తెలియదు. పక్కనుండే ఫైండరును, అంటే గురి చూసే చిన్న దూరదర్శినిని ఊడదీసి, ఐపీసు (కన్ను పెట్టే చోటి కటకం) నుంచి వచ్చే వెలుగును తెల్లని అట్టమీద పడనివ్వు. గొట్టం నీడ అన్నిటికన్నా చిన్నదయ్యేలా తిప్పితే సూర్యుడు అట్టమీదికి వస్తాడు. ప్లాస్టిక్ ఐపీసు వాడకు, కరిగిపోతుంది.

అట్టమీద 15 సెంటీమీటర్ల వృత్తం గీసి బొమ్మను అందులో సరిగ్గా ఇమిడించు. ఆ కొలతలో మన భూమి సుమారు ఆవగింజంతే ఉంటుందని చెబితే, మచ్చల పరిమాణం పిల్లలకు తమంతట తామే బోధపడుతుంది. టెలిస్కోపును కదపకుండా ఉంచితే బొమ్మ ఏ వైపు జరిగిపోతుందో అదే పడమర. ఆ గుర్తు ప్రతి చిత్రంమీదా వేయించకపోతే ఒక రోజు చిత్రాన్ని మరో రోజు చిత్రంతో పోల్చలేరు. రోజూ ఒకే వేళకు గీస్తే, తూర్పు అంచున కనిపించిన మచ్చ దాదాపు రెండు వారాల్లో పడమటి అంచు దాటిపోవడం చూసి, సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడని వాళ్లే గ్రహిస్తారు.

సూర్యుడి పొరల పటం గీసి పాఠం మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా. కంటికి కనిపించిన దాని నుంచే లోపలికి తీసుకువెళ్లు. అంచు మధ్యభాగంకన్నా మసకగా ఎందుకుందని ఎవరైనా అడిగితే, అక్కడ మన చూపు ఫోటోస్ఫియరులోని, అంటే మనకు కనిపించే సూర్యుడి ఉపరితలంలోని పైభాగాన్ని, అంటే చల్లని భాగాన్ని మాత్రమే అందుకుంటుందని చెప్పు. ఆ ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉంటే, మచ్చ నడిమి భాగం దాదాపు 3,500 డిగ్రీలే ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రానికి వేల రెట్లు బలమైన క్షేత్రం అక్కడ అడ్డుపడి, కింది నుంచి పొంగి రావలసిన వేడి పదార్థాన్ని ఆపుతుంది. పది లక్షల డిగ్రీలు దాటిన కరోనా, అంటే సూర్యుడి బయటి వాతావరణం మాత్రం ఈ అట్టమీద కనిపించదు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన మన ఇస్రో అంతరిక్ష నౌక ఆదిత్య-ఎల్1 దాన్ని పరిశీలిస్తున్నదని అప్పుడు చెబితే మనసుకు పడుతుంది.

మచ్చ ఒక్కటీ కనిపించని రోజున కూడా ఖాళీ వృత్తం గీయించి తేదీ వేయించు. జర్మనీలో ష్వాబే అనే ఆయన బుధుడికన్నా దగ్గరగా తిరిగే గ్రహాన్ని వెతుకుతూ 1826 నుంచి మచ్చలను ఓపికగా లెక్కించాడు కనుకనే, వాటి రాకపోకల్లో ఒక క్రమం ఉందని 1843లో ప్రకటించగలిగాడు. ఆ చక్రం సగటున 11 ఏళ్లు. ఇప్పటి చక్రం 2024లో శిఖరానికి చేరింది కాబట్టి, ఈ చిత్రాల పుస్తకాన్ని ఏటా కింది తరగతికి అప్పగిస్తూ పోతే, మచ్చలు తగ్గుతూ భూమధ్యరేఖలాంటి సూర్యుడి నడిమి రేఖకు దగ్గరవడం మీ బడి చిత్రాల్లోనే నమోదవుతుంది.

ఇట్లు,
మామయ్య