అధ్యాయానికి ముందు ఎంటర్లు కొట్టకు

తమ్ముడూ,

నీ నవల ఫైలు రాత్రి తెరిచాను. కథ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు వర్డ్‌లో ఆ ఫైలు తెరిచి కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కు. కొట్టిన ప్రతి స్పేసూ చుక్కలా, ప్రతి ఎంటరూ ఓ గుర్తులా బయటపడతాయి. రెండో అధ్యాయాన్ని కింది పేజీకి నెట్టడానికి 17 ఎంటర్లు కొట్టావు. పేరాల మొదట్లో ఐదేసి చుక్కలు, కొన్నిచోట్ల నాలుగే.

ఏ4 సైజులో అంతా బాగానే కనిపిస్తుంది. కానీ మన నవలలు ఎక్కువగా వచ్చేది 1/8 డెమీలో. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. పేజీ చిన్నదవగానే ఆ ఎంటర్లు ఎక్కడివక్కడ చెదిరిపోతాయి. నా మొదటి నవలకు అదే జరిగింది. అధ్యాయం పేరు ఒక పేజీ అడుగున, కథ తర్వాతి పేజీ మధ్యలో. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు పేర్చే పని) చేసే అబ్బాయి పక్కన మూడు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటే తీయించాను. ఆ తీయడంలో ఒకచోట రెండు పేరాలు కలిసిపోయి, కొడుకు అన్న మాట తండ్రి అన్నట్టయింది. అచ్చయ్యాక గానీ చూసుకోలేదు. ఇప్పటికీ ఆ పేజీ తిప్పాలంటే మనసొప్పదు.

అందుకని అధ్యాయాల పేర్లన్నిటికీ 'హెడింగ్ 1' స్టైల్ ఇవ్వు. కొత్త పేజీకి కంట్రోల్, ఎంటర్ ఒక్కసారి చాలు. మొదటి వరుస లోపలికి జరగడానికి పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో 'ఫస్ట్ లైన్' ఉంది. హెడింగులిస్తే ఇంకో సుఖం కూడా: నావిగేషన్ పేన్‌లో అధ్యాయాలన్నీ వరసగా కనిపిస్తాయి. ఐదోది మూడోదానికి ముందుంటే బాగుంటుందనిపిస్తే పేరు పట్టుకుని పైకి లాగు, అధ్యాయమంతా దానివెంటే వస్తుంది.

ఇంకొకటి. నీ హీరో ఫైలంతా 'రాజ్కుమార్' అయి కూర్చున్నాడు. 'రాజ్' అని కొట్టి, వెంటనే 200C అని ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కు. అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు వస్తుంది. తర్వాత 'కుమార్' కొడితే 'రాజ్‌కుమార్' అవుతాడు. మిగతావి ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మార్చుకో. యూనికోడ్‌లో రాసిందాన్ని డీటీపీవాళ్లు అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) మారిస్తే మాత్రం ప్రూఫు మళ్లీ మొదటినుంచీ నువ్వే చదువు. ఒత్తులు తారుమారయ్యేది అక్కడే.

సరిచేసి త్వరగా పంపు. మేనమామ ఇంటికి తాళం వేసి బస్సెక్కే చోట ఆగాను. తర్వాత ఏమైందో చదవాలి.

— నీ అన్నయ్య