ఇన్సెప్షన్‌లో మంచం మీద చనిపోయే పెద్దాయన ఎవరు? ఆయన ఇంకేం సినిమాలు చేశారు?

కిలియన్ మర్ఫీకి తండ్రిగా చేసిన ఆయన గురించే కదా అడిగారు, ఆయన పేరు పీట్ పాసిల్‌త్వెయిట్ అండి. నేను ఆయన్ని స్టేజి మీద కళ్ళారా చూశా, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

2008లో లివర్‌పూల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నా, ఆ ఏడాది ఆ ఊరు యూరోపియన్ క్యాపిటల్ ఆఫ్ కల్చర్, ఎటు చూసినా ఏదో ఒక ప్రోగ్రామ్. నవంబర్‌లో మా రూమ్మేట్‌కి డ్యూటీ పడి ఎవ్రీమన్ థియేటర్ టికెట్ నాకిచ్చేశాడు. కింగ్ లియర్, లియర్ వేషం ఈయనదే. షేక్‌స్పియర్ అంటే నాకు అప్పటిదాకా పరీక్షకి బట్టీ పట్టిన నాలుగు ముక్కలే. అది చిన్న హాలు, స్టేజి జనం మధ్యలోకి వచ్చేసి ఉంటుంది, ఆ బుగ్గల ఎముకలు, పెద్ద ముక్కు అన్నీ దగ్గర్నుంచి కనిపిస్తున్నాయి. చివర్లో కూతురు చనిపోయాక లియర్ "ఈ గుండీ కాస్త విప్పండి" అంటాడు, ఆయన గొంతు పెంచలేదండి, ఎవర్నో మంచినీళ్ళు అడిగినట్టు అడిగాడు అంతే, మా తాతయ్య ఆఖరి రోజుల్లో చొక్కా గుండీ పెట్టమని నన్ను పిలిచేది అలాగే, నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత తెలిసింది, ఆయన 70ల్లో నాటకాలు వేసింది కూడా ఆ ఎవ్రీమన్‌లోనే, బిల్ నై, జూలీ వాల్టర్స్, జొనాథన్ ప్రైస్ వీళ్ళంతా అప్పట్లో అక్కడే ఉండేవాళ్ళు. పుట్టింది 1946లో, పక్కనే వారింగ్టన్‌లో. ముందు టీచర్‌గా చేసి తర్వాత బ్రిస్టల్ ఓల్డ్ విక్ స్కూల్‌లో యాక్టింగ్ నేర్చుకున్నారు. పేరు నోరు తిరగట్లేదు మార్చుకోమన్నా మార్చుకోలేదు. సినిమాల్లో పేరొచ్చేసరికి నలభై దాటేసింది, 1988లో డిస్టెంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్‌లో ఇంటిల్లిపాదినీ వణికించే తండ్రి వేషం వేశారు.

మీరు ముందు చూడాల్సింది మాత్రం 1993లో వచ్చిన ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్. చేయని నేరానికి కొడుకుతో పాటు జైలుకెళ్ళిన జుసెప్పీ కాన్లన్ ఈయన, నిజంగా జరిగిన కేసు అది. హీరో డేనియల్ డే లూయిస్ అరుస్తాడు, గొడవపడతాడు, ఈయన పక్కన నీరసంగా దగ్గుతూ ఓపిగ్గా ఉంటారు, అయినా కళ్ళు ఈయన మీదకే పోతాయి. ఆయన చనిపోయిన రాత్రి ఖైదీలంతా కాగితాలు వెలిగించి కిటికీల్లోంచి వదులుతారు, ఆ సీన్ ఎన్నిసార్లు చూశానో. సపోర్టింగ్ యాక్టర్ ఆస్కార్‌కి నామినేట్ అయ్యారు కానీ అది ద ఫ్యుజిటివ్‌కి టామీ లీ జోన్స్‌కి పోయింది, నాకైతే ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత వరసగా యూజువల్ సస్పెక్ట్స్‌లో కొబయాషి, రోమియో జూలియట్‌లో చర్చి ఫాదర్, లాస్ట్ వరల్డ్‌లో డైనోసార్ల వేటగాడు. బ్రాస్డ్ ఆఫ్ కూడా వదలకండి, బొగ్గు గని మూతపడే ఊళ్ళో బ్యాండ్ మాస్టర్ ఆయన.

ఇన్సెప్షన్ 2010 జులైలో వచ్చింది, 2011 జనవరి 2న క్యాన్సర్‌తో పోయారు, 64 ఏళ్ళే. ఈసారి చూసేటప్పుడు ఆ మంచం సీన్‌లో మాట బయటికి రావడానికి ఆయన పడే అవస్థ గమనించండి, ఉన్నది రెండు నిమిషాలే కానీ కొడుకు కథంతా దాని మీదే నిలబడింది.