శనివారం సేవ చదువుకు అడ్డమా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మావారి ఉద్యోగరీత్యా ఈ జూన్‌లో హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కొత్త బడిలో తోటివాళ్లు తన యాసను వెక్కిరించడంతో మొదట్లో నోరు విప్పేది కాదు. ఆ బడివాళ్లు శనివారం మధ్యాహ్నాలు కొందరు విద్యార్థులను దగ్గర్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు పంపి, అక్కడి పిల్లల చేత తెలుగు చదివిస్తున్నారు. అందులో చేరాక మా అమ్మాయి బాగా మారింది. తరగతిలోనూ ధైర్యంగా మాట్లాడుతోందట. అయితే జేబు ఖర్చు డబ్బులతో ఆ పిల్లలకు చాక్లెట్లు కొనిపెడుతూ, ‘పాపం, వాళ్లకు ఎవరూ లేరమ్మా’ అంటోంది. వచ్చే ఏడాది పదో తరగతి కనుక మాన్పించమని మావారు పట్టుబడుతున్నారు. సర్టిఫికెట్ అయినా వస్తుంది కదా అని నేనంటున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మాన్పించకండి. కొత్త బడిలో అన్నీ తెలిసినవాళ్ల మధ్య ఏమీ తెలియని పిల్లగా, నోరు తెరిస్తే నవ్వుతారేమోనన్న బెరుకుతో మెలగిన అమ్మాయికి, తన అవసరం ఉన్న చోటు ఒకటి దొరికింది. ‘గడ్డి’ని ‘గడి’ అని చదివి ఆగిపోయిన పిల్లవాడికి అక్షరం కింది వత్తును వేలితో చూపించి మళ్లీ పలికించేటప్పుడు ఆమె యాస గురించి అడిగేవారెవరూ ఉండరు. పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ కట్టడం పనులకు వచ్చినవారి పిల్లలు నగరంలోని ఇలాంటి బడుల్లో కనిపిస్తుంటారు. ఇంట్లో మాట్లాడేదొకటి, పుస్తకంలో ఉన్నదొకటి కావడం వారికీ అనుభవమే. స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి నడిపారు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ సభలు జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శన వాకిట వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూను ఆపారు. 1909లో పుట్టిన ఆమెది అప్పటికి దాదాపు మీ అమ్మాయి వయసే. తనకంటూ ఒక పని అప్పగిస్తే ఆ వయసు పిల్లలు దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటారో మనం తక్కువగా అంచనా వేస్తాం.

నాకు కాస్త ఇబ్బందిగా తోచింది ఆ ‘పాపం’ అన్న మాట. ఆ పిల్లలకు తల్లిదండ్రులున్నారు, టీచర్లున్నారు. అయితే విద్యాహక్కు చట్టం లెక్కన ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులే ఉంటారు. ఆ ఇద్దరే ఐదు తరగతులూ చూసుకోవలసి వచ్చినచోట, చదవడంలో వెనకబడిన ఒక్క పిల్లవాడి పక్కన అరగంట కూర్చునే తీరిక వారికి దొరకదు. మీ అమ్మాయి ఇస్తున్నది ఆ అరగంటే తప్ప దానధర్మం కాదని ఆమెకు నిదానంగా చెప్పండి. చాక్లెట్లకు అలవాటు పడిన పిల్లలు పుస్తకం వైపు కాక అక్క సంచీ వైపు చూస్తారు. కొనలేని మిగతా విద్యార్థులకూ అది చిన్నతనంగా ఉంటుంది. ఆ డబ్బుతో పెద్ద అక్షరాల బొమ్మల కథల పుస్తకం ఒకటి కొని తరగతికి ఇస్తే అందరూ చదువుకుంటారు.

సర్టిఫికెట్ ఊసు మీరు ఎత్తకపోవడమే మేలు. ఆస్పత్రిలో రెండు పళ్లు పంచి నాలుగు ఫొటోలు దిగే సేవ మనకు కొత్తేమీ కాదు, పిల్లలు మన దగ్గరే అది నేర్చుకుంటారు. కాగితమే కావాలనుకుంటే, తర్వాత చేరే కాలేజీలో జాతీయ సేవా పథకం ఉందేమో చూసుకోవచ్చు; గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన ఆ పథకంలో రెండేళ్లకు 240 గంటలు పనిచేయాలి.

మీవారి భయం అర్థం చేసుకోదగినదే. కానీ వారంలో ఒక పూట వల్ల పదో తరగతి దెబ్బతినదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే జనవరి నుంచి మానుకోవచ్చు. అయితే చెప్పాపెట్టకుండా మానకుండా, డిసెంబరులోనే ఎనిమిదో తరగతి అమ్మాయినెవరినైనా వెంట తీసుకెళ్లి, ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో చూపించి అప్పగించమనండి. ఈలోగా మీరు బడికి వెళ్లి, వారం వారం అవే పిల్లలను అప్పగిస్తున్నారా, అక్కడి టీచరు గదిలో ఉంటున్నారా, ఆ పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడుతున్నారా అని కనుక్కోండి. ఫొటోలు పెడుతున్నట్టయితే వద్దని గట్టిగానే చెప్పండి.