యూజర్‌నేమ్ మార్చాక హోమ్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ముందు పాత్ చూడండి

పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మీ ఉద్యోగిని ఒకరి లాగిన్ పేరును యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థలోని యూజర్ అకౌంట్లను నిర్వహించే విండోస్ వ్యవస్థలో) మార్చారనీ, అప్పటి నుంచి ఆవిడ హెచ్ డ్రైవ్, అంటే సర్వర్‌లోని ఆవిడ హోమ్ ఫోల్డర్, ఖాళీగా వస్తోందనీ మీరు రాశారు. పాత ఫోల్డర్‌కు పర్మిషన్లు మళ్లీ ఇవ్వాలా అని అడిగారు. దయచేసి పర్మిషన్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. విండోస్ సర్వర్ ఫోల్డర్ హక్కులను యూజర్ పేరు మీద కాక, అకౌంట్‌కు ఉండే ఎస్‌ఐడీ (అకౌంట్‌కు ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య) మీద రాసుకుంటుంది. లాగిన్ పేరు మార్చినంత మాత్రాన ఆ ఎస్‌ఐడీ మారదు, అకౌంట్‌ను తొలగించి కొత్తగా సృష్టిస్తే మారుతుంది.

నేను ఒక కళాశాలలో సిస్టమ్ అడ్మిన్‌గా ఉన్నప్పుడు అచ్చం ఇదే జరిగింది. యాక్టివ్ డైరెక్టరీలో యూజర్ అకౌంట్ ప్రొఫైల్ ట్యాబ్‌లో హోమ్ ఫోల్డర్ దగ్గర యూజర్‌నేమ్ వేరియబుల్ (లాగిన్ పేరు బదులు రాసే %username% అనే గుర్తు) టైపు చేసి అప్లై నొక్కితే, అప్పటికి ఉన్న పేరు అక్కడ మామూలు అక్షరాలుగా స్థిరపడిపోతుంది. తర్వాత లాగిన్ పేరు మార్చినా ఆ పాత్ (ఫోల్డర్ ఉన్న చోటు చిరునామా) మారదు. అది గమనించిన మా సహోద్యోగి సరిచేద్దామని వేరియబుల్‌ను మళ్లీ టైపు చేశారు. కొత్త పేరుతో ఫోల్డర్ ఏదీ లేకపోవడంతో యాక్టివ్ డైరెక్టరీ కన్సోల్ తానే ఒక ఖాళీ ఫోల్డర్‌ను సృష్టించింది. సర్వర్‌లో చూస్తే పాత పేరున్న ఫోల్డర్‌లో ఆరేళ్ల మార్కుల జాబితాలు భద్రంగా ఉన్నాయి, కొత్తదానిలో ఆ ఉదయం సేవ్ చేసిన ఒకే ఒక ఎక్సెల్ ఫైలు ఉంది. అన్నీ పోయాయనుకున్న ఆ అధ్యాపకురాలు అప్పటికే కంటతడి పెట్టుకున్నారు. అందుకే, ఫైళ్లు ఎక్కడికీ పోలేదన్న మాట మీ ఉద్యోగినికి ముందే చెప్పండి.

ఆవిడను లాగాఫ్ చేయించి, సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోని ఓపెన్ ఫైల్స్ జాబితాలో ఆవిడ ఫైళ్లేవీ తెరిచి లేవని నిర్ధారించుకోండి. కొత్త ఫోల్డర్‌లో ఏమైనా సేవ్ చేసి ఉంటే పాతదానిలోకి కాపీ చేసి, కొత్తదాన్ని వేరే చోటికి తరలించి, పాత ఫోల్డర్‌కు కొత్త పేరు పెట్టండి. పేరు మార్చినంత మాత్రాన దాని హక్కులు చెదరవు. ప్రొఫైల్ ట్యాబ్‌లోని పాత్ ఈ పేరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. లాగాన్ స్క్రిప్టు (లాగిన్ అయినప్పుడు తనంతట తానే నడిచే ఆదేశాల ఫైలు) కూడా డ్రైవ్‌ను మ్యాప్ చేస్తుంటే దాన్నీ చూడండి.

ఆ తర్వాత కూడా పాస్‌వర్డ్ అడుగుతుంటే, ఆవిడ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత పేరుతో మిగిలిన ఎంట్రీని తీసేయండి. ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్‌లో కొంతకాలం పాత పేరే కనిపించవచ్చు. అది సర్వర్ కాష్ (తాత్కాలికంగా దాచుకున్న సమాచారం) లోనిది, సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఆవిడ కంప్యూటర్ సీ డ్రైవ్‌లో పాత పేరుతో ఉన్న ప్రొఫైల్ ఫోల్డర్‌ను మాత్రం అలాగే వదిలేయండి.